పాస్‌వర్డ్ మీది, తాళంచెవి షాపులో: మీ అకౌంట్లను నిజంగా మీ చేతిలోకి తెచ్చుకోవడం ఎలా?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మ ఫోన్ నీళ్ల తొట్టిలో పడింది. బియ్యం డబ్బాలో పెట్టారు, ఎండలో పెట్టారు, లాభం లేకపోయింది. కొత్త ఫోన్ కొనడం పెద్ద విషయం కాదు. ఆమె దిగులంతా ఫొటోల గురించే. పెదనాన్న పోయి రెండేళ్లయింది. ఆయన చివరి రోజుల ఫొటోలన్నీ ఆ ఫోన్‌తోనే తీసినవి.

"గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉండే ఉంటుంది పెద్దమ్మా, జీమెయిల్ పాస్‌వర్డ్ చెప్పు" అన్నాను.

"నాకేం తెలుసురా? ఆ ఫోన్ కొన్నప్పుడు షాపబ్బాయే ఏదో పెట్టాడు" అంది.

ఇద్దరం ఆ షాపుకి వెళ్లాం. కుర్రాడు తడుముకోకుండా చెప్పేశాడు: "అందరికీ ఒకటే పెడతామండీ. ముందు పేరు, తర్వాత @, ఆ తర్వాత 123." కొట్టి చూశాను. పాస్‌వర్డ్ సరిపోయింది, ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ పెద్దమ్మ నంబర్‌కి రాలేదు. షాపు కౌంటర్ మీదున్న ఫోన్‌కి వచ్చింది! పని త్వరగా అయిపోతుందని రికవరీ నంబర్‌గా ఆ రోజు షాపు నంబరే ఇచ్చేశాడట.

ఫొటోలు తిరిగొచ్చాయి. పెద్దమ్మ ఆ కుర్రాడికి దండం పెట్టినంత పని చేసింది. నాకు మాత్రం బండి మీద తిరిగొస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆమె ఫొటోలు, కాంటాక్టులు, బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లు అన్నీ ఇన్నేళ్లుగా ఇంకొకరు తెరవగలిగే తలుపు వెనక ఉన్నాయి. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆ షాపు ఫోన్ ఎవరైనా కొట్టేసి ఉంటే?

మీ ఇంట్లో అమ్మకో, అత్తయ్యకో, తాతయ్యకో ఫోన్ కొన్నప్పుడు మెయిల్ ఎవరు క్రియేట్ చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చాలా ఇళ్లలో ఇదే కథ. అందుకే ఈ ఆర్టికల్‌లో స్ట్రాంగ్ పాస్‌వర్డ్ అంటే ఏంటో మాత్రమే కాకుండా, అకౌంట్ పూర్తిగా మన చేతిలో ఉండాలంటే ఏం చేయాలో కూడా తెలుసుకుందాం.

ముందు ఏ అకౌంట్?

మనకి చిన్నా పెద్దా కలిపి యాభై, అరవై అకౌంట్లు ఉంటాయి. అన్నిటికీ ఒకేసారి పాస్‌వర్డ్ మార్చాలంటే ఎవరికైనా విసుగే. అందుకే వరుస తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముందు మీ మెయిన్ ఈమెయిల్. ఎందుకంటే ఏ సైట్‌లో అయినా "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కితే లింక్ వచ్చేది ఈ మెయిల్‌కే. షాపింగ్ యాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, రైలు టికెట్ల అకౌంట్, అన్నీ అంతే. మెయిల్ దొంగ చేతికి వెళ్తే మిగతా పాస్‌వర్డ్‌లు ఎంత గట్టిగా పెట్టుకున్నా ఒక్కొక్కటీ రీసెట్ చేసుకుంటూ పోతాడు. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లలో మెయిల్ అంటే మెయిల్ ఒక్కటే కాదు. ఫొటోలు, కాంటాక్టులు, క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు కూడా అదే గూగుల్ అకౌంట్‌లో ఉంటాయి.

దొంగకి మీ పాస్‌వర్డ్ ఎలా తెలుస్తుంది?

సినిమాల్లో చూపించినట్టు ఎవరో చీకటి గదిలో కూర్చుని మీ లాగిన్ పేజీ దగ్గర ఒక్కో పాస్‌వర్డ్ ప్రయత్నిస్తూ ఉండరు. వరసగా తప్పు కొడుతూ పోతే చాలా సైట్లు ఆపేస్తాయి. అసలు దారులు మూడు.

మొదటిది, లీక్. మీరు ఎప్పుడో అకౌంట్ తెరిచి మర్చిపోయిన ఏదో ఒక సైట్ హ్యాక్ అవుతుంది. అక్కడి మెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు బయటికొస్తాయి. దొంగలు అదే జతని జీమెయిల్‌లో, ఫేస్‌బుక్‌లో, షాపింగ్ సైట్లలో వరసగా పెట్టి చూస్తారు. ఈ పనంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది. మీరు అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడితే, అన్నిటికంటే బలహీనమైన సైట్‌కి ఉన్న భద్రతే మీ మెయిల్‌కి కూడా ఉన్నట్టు.

2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు ఇలాగే బయటపడ్డాయి. అందులో అందరికంటే ఎక్కువమంది వాడిన పాస్‌వర్డ్ 123456. దాదాపు 2.9 లక్షల మందిది అదే! ఆ లిస్టుని దొంగలు ఇప్పటికీ ఊహించే పనికి వాడుకుంటున్నారు.

రెండోది, ఊహించడం. సరైన సైట్లు మన పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోవు. దాన్ని ఒక లెక్కలో వేసి వేరే రూపంలోకి మార్చి దాస్తాయి. దీన్నే హ్యాష్ అంటారు. బియ్యం మరలో వేసి పిండి పట్టినట్టన్నమాట. పిండి నుంచి మళ్లీ బియ్యం రావు. అందుకని దొంగ ఏం చేస్తాడంటే, తనకి తోచిన పాస్‌వర్డ్‌లన్నీ అదే మరలో పట్టి, వచ్చిన పిండి లీకులో దొరికిన పిండితో సరిపోతుందా అని చూస్తాడు. సైట్ పాతకాలపు బలహీనమైన హ్యాష్ వాడి ఉంటే, ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డ్ సెకనుకి వేల కోట్ల పాస్‌వర్డ్‌లు ఇలా పరీక్షించగలదు.

ఇప్పుడు మన అలవాట్లు చూడండి. చాలామంది మొబైల్ నంబరే పాస్‌వర్డ్‌గా పెడతారు. మన దేశంలో మొబైల్ నంబర్ 6, 7, 8, 9లో ఒకదానితో మొదలయ్యే పది అంకెలు. అంటే మొత్తం కలిపినా 400 కోట్లు. ఆ వేగానికి ఇది ఒక్క సెకను పని కూడా కాదు. పుట్టినరోజు పెడితే ఇంకా తేలిక. వందేళ్ల తేదీలన్నీ కలిపినా సుమారు 36,500. ఇక పేరులో మొదటి అక్షరం పెద్దది, తర్వాత @, చివర 123 అనే పద్ధతి మనకి ఎంత మామూలో దొంగలకీ అంత మామూలే.

మూడోది, మనమే ఇచ్చేయడం. నకిలీ లాగిన్ పేజీలో కొట్టడం, ఫోన్‌లో ఎవరో అడిగితే చెప్పడం, షాపులో వదిలేయడం. ఇక్కడ పాస్‌వర్డ్ ఎంత కష్టమైనదైనా ఉపయోగం లేదు.

కష్టంగా కాదు, పొడుగ్గా

"ఒక పెద్ద అక్షరం, ఒక చిన్న అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు తప్పనిసరి" అనే రూల్ మనందరికీ తెలుసు. ఇది ఎక్కువగా ప్రచారం కావడానికి కారణం 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ ఇచ్చిన మార్గదర్శకాలు. వాటిని రాసిన బిల్ బర్, ఆ సలహాల్లో చాలావాటి గురించి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో స్వయంగా చెప్పారు. అదే ఏడాది నిస్ట్ తన మార్గదర్శకాలు మార్చింది. గుర్తులూ అంకెలూ కలపమని బలవంతం చేయొద్దు, లీక్ అయిందని తెలిస్తే తప్ప ఊరికే మూడు నెలలకోసారి మార్చమనొద్దు, పొడుగు పాస్‌వర్డ్‌లని అనుమతించాలి అని చెప్పింది. ఎందుకంటే జనం ఆ రూల్‌ని ఎలాగోలా దాటేస్తారు. మొన్న @123, ఈ నెల @124, అంతే!

లెక్క కూడా పొడుగుకే ఓటు వేస్తుంది. కీబోర్డ్ మీదున్న 95 రకాల అక్షరాలు, అంకెలు, గుర్తుల్లోంచి ఏవైనా ఎనిమిది తీసుకుంటే వచ్చే పాస్‌వర్డ్‌ల కన్నా, కేవలం చిన్న ఇంగ్లీష్ అక్షరాలతో పన్నెండు తీసుకుంటే వచ్చేవి సుమారు 14 రెట్లు ఎక్కువ. అయితే ఒక షరతు. ఆ అక్షరాలు మనకి తోచినవి కాకుండా, లాటరీ తీసినట్టు వచ్చినవై ఉండాలి.

గుర్తుండే పాస్‌వర్డ్ ఇలా తయారు చేయండి

లాటరీ తీసిన అక్షరాలు గుర్తుండవు. మరి లాటరీ తీసిన పదాలు? అవి గుర్తుంటాయి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 1995లో ఇందుకోసం డైస్‌వేర్ అనే పద్ధతి తయారుచేశారు. 7,776 పదాల లిస్ట్ ఉంటుంది. పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చిన అంకెలని బట్టి ఒక పదం. అలా ఐదారు పదాలు వరసగా పెడితే పాస్‌వర్డ్ రెడీ.

మన ఇంట్లో ఆ లిస్ట్ లేకపోయినా ఫర్వాలేదు. ఒక తెలుగు నిఘంటువు తీసుకోండి. కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి వేలు పెట్టండి. వేలు పడిన చోట ఉన్న తెలిసిన పదం రాసుకోండి. ఇలా ఆరుసార్లు. ఉదాహరణకి: తాబేలు, గొడుగు, సున్నుండ, మేస్త్రి, పిడుగు, అరుగు. వీటిని ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో చుక్కో గీతో పెట్టి టైప్ చేస్తే చాలు. గుర్తుంచుకోవడం కూడా తేలికే. గొడుగు పట్టుకున్న తాబేలు సున్నుండ తింటుంటే మేస్త్రి చూశాడు, పిడుగు అరుగు మీద పడింది! (ఈ ఉదాహరణని మాత్రం వాడకండి. ఇది ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది.)

మూడు జాగ్రత్తలు:

1. పాటల పల్లవులు, సినిమా డైలాగులు, దేవుళ్ల పేర్లు, హీరోల పేర్లు వద్దు. మీకు ఇష్టమైనది ఇంకో లక్షమందికీ ఇష్టమే.

2. వచ్చిన పదం నచ్చలేదని మార్చుకుంటూ పోకండి. నచ్చినవే ఏరుకుంటే అది లాటరీ అవదు.

3. తెలుగు పదానికి ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. "తాబేలు"లో "ఏ" అక్షరం ఒకటా రెండా అనేది మొదటిరోజే ఖాయం చేసుకుని, అలవాటయ్యే వరకు కాగితం మీద రాసి ఉంచుకోండి.

మిగతావి గుర్తుపెట్టుకోవద్దు

ఇలాంటి పాస్‌వర్డ్‌లు మీకు ఒకటో రెండో చాలు: మెయిన్ మెయిల్‌కి ఒకటి, విడిగా పాస్‌వర్డ్ మేనేజర్ వాడితే దానికి ఒకటి. మిగతా అకౌంట్లన్నిటికీ పాస్‌వర్డ్ మేనేజరే పొడుగైన, దేనికదే వేరైన పాస్‌వర్డ్ తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ముందే ఉంటుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి పాస్‌వర్డ్స్ అనే యాపే విడిగా వచ్చింది. రెండు రకాల ఫోన్లూ వాడేవాళ్లకి బిట్‌వార్డెన్ బాగుంటుంది, ఉచితంగానే వాడుకోవచ్చు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. మేనేజర్ సైట్ అడ్రస్ చూసి పాస్‌వర్డ్ నింపుతుంది. మీ బ్యాంకు పేజీలాగే కనిపించే నకిలీ పేజీ వస్తే మన కన్ను మోసపోతుంది కానీ అది మోసపోదు. రోజూ తనంతట తానే నింపేది ఇవాళ నింపలేదంటే, అక్కడే ఆగి అడ్రస్ చూడండి.

"ఇవన్నీ మా నాన్నకి రావు" అంటారా? అయితే నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టమనండి. తమాషాకి అనడం లేదు. ఎక్కడో వేరే దేశంలో కూర్చున్న హ్యాకర్ మీ బీరువా తెరవలేడు. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గానో, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న మెసేజ్‌గానో దాచుకోవడం కన్నా అది వంద రెట్లు మేలు.

మీ పాస్‌వర్డ్ ఇప్పటికే లీక్ అయిందా అని చూడాలంటే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో చెకప్ ఆప్షన్ ఉంటుంది. లీక్ అయినవి, ఒకటికి మించి చోట్ల వాడినవి, బలహీనమైనవి విడివిడిగా చూపిస్తుంది. మెయిల్ ఐడీతో వెతకాలంటే ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" సైట్ ఉంది. ఇవి కాక వేరే ఏ సైటైనా "మీ పాస్‌వర్డ్ ఎంత స్ట్రాంగో చెప్తాం, ఇక్కడ టైప్ చేయండి" అంటే అసలుది టైప్ చేయకండి.

రెండో తాళం

పాస్‌వర్డ్ పోయినా అకౌంట్ పోకుండా ఆపేది టూ స్టెప్ వెరిఫికేషన్. ఇందులో మెట్లున్నాయి.

ఎస్ఎంఎస్ ఓటీపీ: ఏమీ లేకపోవడం కన్నా చాలా మేలు. కానీ మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికీ, మీ మెసేజ్‌లు చదివే దొంగ యాప్‌కీ ఇది దొరికిపోతుంది.

ఆథెంటికేటర్ యాప్: ఫోన్‌లోనే 30 సెకన్లకోసారి మారే ఆరు అంకెల కోడ్ చూపిస్తుంది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, సిమ్‌తో సంబంధం లేదు.

పాస్‌కీ: అసలు పాస్‌వర్డే ఉండదు. వేలిముద్రతోనో, ఫోన్ లాక్‌తోనో లాగిన్ అవుతారు. రహస్య కీ మీ దగ్గరే ఉంటుంది, సైట్ దగ్గర ఉండదు. కాబట్టి సైట్ హ్యాక్ అయినా దొంగకి వాడుకోవడానికి పనికొచ్చేది ఏమీ దొరకదు, నకిలీ పేజీలో పనిచేయదు. గూగుల్ అకౌంట్‌లో ఇప్పుడే పెట్టుకోవచ్చు.

వాట్సాప్‌కి కూడా సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరు అంకెల పిన్ పెట్టండి. ఎవరైనా మాటల్లో పెట్టి మీ ఓటీపీ లాగేసినా ఈ పిన్ లేకుండా మీ వాట్సాప్ వెంటనే తెరవలేరు.

వీటన్నిటికీ ఆధారం ఫోన్ లాక్. అక్కడ 1234 పెట్టుకుంటే మిగతా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. కనీసం ఆరు అంకెల పిన్ పెట్టండి, పుట్టిన సంవత్సరం వద్దు.

అందరూ మర్చిపోయేది: రికవరీ నంబర్

పెద్దమ్మ విషయంలో అసలు లోపం ఇదే. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, రికవరీ నంబర్ ఎవరి దగ్గర ఉంటే వాళ్ల చేతిలో మారుతాళం ఉన్నట్టే.

రీచార్జ్ చేయక వదిలేసిన పాత సిమ్ ఉంటే ఇంకా జాగ్రత్త. కట్ అయిన నంబర్‌ని 90 రోజుల గడువు తర్వాత కంపెనీ వేరేవాళ్లకి ఇచ్చేయవచ్చు. మీ పాత నంబర్ ఇప్పుడు ఎవరి జేబులో ఉందో మీకు తెలియదు. కానీ మీ మెయిల్ ఓటీపీ మాత్రం అక్కడికే వెళ్తుంది.

గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగంలోకి వెళ్లి రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ రెండూ చూడండి. మీవి కానివి తీసేయండి. అక్కడే "యువర్ డివైసెస్"లో తెలియని ఫోన్ కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. ఒక మాట గుర్తుంచుకోండి: రికవరీ నంబర్ మార్చిన తర్వాత కూడా వారం రోజుల దాకా పాత నంబర్‌కి కోడ్ పంపే అవకాశం గూగుల్ ఉంచవచ్చు. కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

టూ స్టెప్ పెట్టాక బ్యాకప్ కోడ్స్ తీసుకోవడం మర్చిపోవద్దు. గూగుల్ పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింట్ తీసి ఆధార్ కాగితాలు పెట్టే చోటే పెట్టండి. ఫోన్ నీళ్లలో పడిన రోజు ఆదుకునేది ఈ కాగితమే.

పాస్‌వర్డ్ కాపాడలేని చోట్లు

కొన్ని మోసాలకి పాస్‌వర్డ్‌తో పనే లేదు. వాట్సాప్‌లో "పెళ్లి పత్రిక" అనో, "ట్రాఫిక్ చలాన్" అనో ఏపీకే ఫైల్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేసి పర్మిషన్లు ఇస్తే అది మీ ఎస్ఎంఎస్‌లు చదివేస్తుంది. పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది కానీ యాప్‌గా రాదు. ఫోన్‌లో మాట్లాడుతూ స్క్రీన్ షేర్ చేయమన్నా కట్ చేసేయండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కానీ తీసుకోవడానికి అవసరం లేదు. "డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అంటే అది మోసమే.

బ్యాంకు సైట్ అసలుదా కాదా అని చూడటానికి ఇప్పుడొక తేలిక గుర్తు ఉంది. మన బ్యాంకులన్నీ తమ సైట్లని "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చివర ఉండే అడ్రస్‌కి మార్చాలని ఆర్‌బీఐ ఆదేశించింది. అందుకు 2025 అక్టోబర్ 31ని గడువుగా పెట్టింది. అడ్రస్ చివర చూడటం అలవాటు చేసుకోండి.

ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. అకౌంట్ హ్యాక్ అయిందనిపిస్తే ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, తెలియని డివైస్‌లు తీసేయండి, రికవరీ నంబర్ చూడండి, ఆ తర్వాతే మిగతా అకౌంట్లు. ఇదంతా ఏ అనుమానం లేని వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో చేస్తే మంచిది.

ఈ ఆదివారం అరగంట

అన్నీ ఒకేరోజు అవసరం లేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఈ ఐదు చేయండి:

1. జీమెయిల్‌కి కొత్త పొడుగు పాస్‌వర్డ్. పదాలు వాళ్ల చేతే తీయించండి.

2. రికవరీ నంబర్ వాళ్లదే ఉందో లేదో చూడటం.

3. టూ స్టెప్ ఆన్ చేసి బ్యాకప్ కోడ్స్ కాగితం మీదికి ఎక్కించడం.

4. వాట్సాప్‌కి పిన్.

5. ఫోన్‌కి ఆరు అంకెల లాక్.

ఈసారి ఫోన్ కొన్నప్పుడు షాపులో బిల్లు, చార్జర్ తీసుకుని వచ్చేయండి. అకౌంట్ మాత్రం ఇంటికొచ్చి పెట్టుకోండి.

మా పెద్దమ్మ ఆ సాయంత్రమే నిఘంటువు ముందేసుకుని కళ్లు మూసుకుంది. ఆరు పదాలొచ్చాయి. ఒకదానికి పడీ పడీ నవ్వింది. కాగితం మీద రాసుకుని, మడిచి, నా చేతికి ఇవ్వబోయింది. వద్దన్నాను. లోపలికెళ్లి ఎక్కడో దాచుకుని వచ్చింది. ఎక్కడ దాచిందో నేను అడగలేదు.